దారి బోర్డు తిప్పినవాడు

మార్చి 2, సోమవారం

‘మరణించాడు’ట. జ్వరం తగిలి మంచంలో పోయినట్టు.

రోడ్డు రెండుగా చీలే చోట, చీలిక దగ్గరి పాత బోర్డును ఇవాళ ఊడబెరికి తెచ్చి షెడ్డులో పడేశారు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదా, పది అడుగులు వెనక్కి జరపాలి. రేకు అడుగంతా తుప్పు తినేసింది కాబట్టి కొత్తది చేయాలి. చేసేది నేనే. మా షెడ్డులో అక్షరాలు కోసే మిషను నా మాట తప్ప ఎవరి మాటా వినదు. పదో క్లాసు మధ్యలో వదిలేసినదాన్ని, దాని పుస్తకం ముందేసుకుని మూడు నెలలు కుస్తీ పట్టి ఒక్కదాన్నే నేర్చుకున్నాను. డిప్లొమాలు చదివొచ్చిన ఇద్దరు చేతులెత్తేసి వెళ్ళిపోయారు.

పాత బోర్డు మీద ఉన్నది మొత్తం ఇంతే: ‘యుద్ధకాలంలో ఈ ప్రదేశంలో ఒక రోడ్డు కార్మికుడు మరణించాడు. రోడ్ల శాఖ.’

ఆ ఒక రోడ్డు కార్మికుడు మా అమ్మమ్మకి నాన్న. మరణించలేదు. చంపారు. చంపింది శత్రువులు కూడా కాదు.

ఇంకెక్కడా సరిగ్గా రాసి లేదు కాబట్టి ఇక్కడైనా రాసి పెట్టుకుంటాను. శత్రువు వస్తున్నాడు, చీలిక దగ్గరి దారి బోర్డును తిప్పెయ్యమని పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. పట్నం వైపు చూపించే బాణం చిత్తడి నేల వైపు చూపించాలి, వచ్చేవాడు వెళ్ళి బురదలో దిగబడాలి. ముత్తాత తిప్పాడు. శత్రువు రాలేదు. ఓడిపోయి వెనక్కి వస్తున్న మన సైన్యం లారీలే వచ్చాయి. ఆ బాణాన్ని నమ్ముకుని పోయి బురదలో దిగబడ్డాయి. పైనుంచి శత్రు విమానాలు వచ్చి పని పూర్తి చేశాయి. బతికి బయటపడ్డవాళ్ళు చీలిక దాకా నడుచుకుంటూ వచ్చి బోర్డు తిప్పిందెవరని అడిగారు. ఎవడో చూపించాడు. ఆర్డరు ఉంది బాబూ అని ముత్తాత మొత్తుకుంటున్నా వినకుండా ఆ స్తంభానికే నిలబెట్టి కాల్చారు.

ఎవడో ఏమిటి, ఎవడో అందరికీ తెలుసు. చీలిక మూలమీది సైకిల్ షాపువాడు. ఆ ఇంటికి ఊళ్ళో పేరే ‘వేలువాళ్ళు’. వేలు పెట్టి చూపించినవాళ్ళు. వాడు పోయాడు. కొడుకు ఉన్నాడు, డెబ్భై ఐదేళ్ళ ముసలాడు, ఇంకా అక్కడే కూర్చుని పంక్చర్లు వేస్తున్నాడు.

మార్చి 3, మంగళవారం

“ఏమే అగ్గిపెట్టె, మొహం అలా పెట్టావు? మిషను కరిచిందా?” అన్నాడు మా షెడ్డు మేస్త్రీ.

‘మరణించాడు’ చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. “కుటుంబం వాళ్ళు కావాలంటే మాటలు మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. ముప్ఫై ఒకటికల్లా బోర్డు నిలబడాలి. ఆలోగా ఆఫీసరు చేత సంతకం పెట్టించుకో. కానీ చూడు, ఆ సైజు రేకు మీద ఐదు లైన్లే పడతాయి. బండి మీద వెళ్ళేవాడికి కనబడాలంటే అక్షరం అంతకన్నా చిన్నది చేయకూడదు. నీ కోపమంతా పట్టదు.”

పట్టిస్తాను.

మార్చి 4, బుధవారం

అమ్మమ్మకి చెప్పాను. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కదా, ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. 

“ఉన్నది ఉండనియ్యవే” అంది.

“మరణించాడని ఉందే అమ్మమ్మా!”

“మరణించాడుగా.”

“అది కాదు, ఎవరు చంపారు, ఎవరు పట్టించారు...”

“ఒసేయ్, నీకు దణ్ణం పెడతాను, దాని జోలికి పోకు.” లేచి వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చుకుంది. అప్పటికవి ఇంకా తడిగానే ఉన్నాయి. అలాగే మడతపెట్టింది.

భయం. అరవై ఐదేళ్ళ భయం. ద్రోహి కూతురు అని ఊళ్ళో రాళ్ళు వేయించుకున్న మనిషి. ఆవిడ కోసం నేను కాకపోతే ఎవరు కోప్పడతారు?

మార్చి 6, శుక్రవారం

ఐదు లైన్లు. పొద్దుట్నుంచి కోస్తున్నాను, కాగితం మీద. ఒక మాట పెడితే ఇంకో మాట జారిపోతోంది. చివరికి ఇలా కుదిరింది:

‘యుద్ధకాలంలో పై ఆఫీసు ఆర్డరు ప్రకారం ఇక్కడి దారి బోర్డును తిప్పిన రోడ్డు కార్మికుణ్ణి, ఊరివాడు ఒకడు చూపించగా, మన సైనికులు విచారణ లేకుండా ఈ చోటనే కాల్చి చంపారు. రోడ్ల శాఖ.’

‘ఊరివాడు ఒకడు చూపించగా’ అన్న ముక్కని రెండుసార్లు పైకి చదువుకున్నాను, సంతోషంగా.

మార్చి 7, శనివారం

అర్జీ ఇచ్చాను.

మార్చి 9, సోమవారం

సైకిల్ షాపుకి వెళ్ళాను. ఊరికే వెళ్ళలేదు. చెప్పి మరీ చేస్తాను నేను, వెనక నుంచి పొడిచే రకం కాదు.

ముసలాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

“మీ నాన్న చూపించాడా లేదా?” అన్నాను.

“గాలా, పంక్చరా?” తల ఎత్తలేదు.

“అడిగినదానికి చెప్పండి.”

“గాలా, పంక్చరా? రెండూ కాకపోతే పక్కకి జరుగమ్మా, వెనక బండి ఉంది.”

“అరవై ఐదేళ్ళుగా ఇలాగే దాటేస్తున్నారా? కొత్త బోర్డు వస్తోంది. మీ నాన్న చేసిన పని దాని మీద రాయిస్తున్నా. రోడ్డున పోయే ప్రతివాడూ చదువుతాడు.”

బుడగ వచ్చిన చోట బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు నా వైపు. “మీ అమ్మమ్మని అడిగావా?”

“మా అమ్మమ్మ మీ మొహం చూడదు. మీ షాపు ముందు నుంచి పోవాల్సొస్తుందని మార్కెట్టుకి రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్తుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. తెలుసా మీకు?”

“తెలుసు” అన్నాడు.

ఎంత పొగరు! ‘తెలుసు’ట.

మార్చి 10, మంగళవారం

మధ్యాహ్నం భోజనానికి షాపు మూసినప్పుడు వాళ్ళ షట్టరు మీద చిన్న బొమ్మ వేశాను. ఒక వేలు. అంతే. నీళ్ళు కొడితే పోతుంది.

మార్చి 11, బుధవారం

పోలేదట. టీ కొట్టు దగ్గర చెప్పుకుని నవ్వుతున్నారు. కొందరు ఫొటోలు కూడా తీసుకున్నారు.

నేను చేసింది తప్పు కాదు.

మార్చి 12, గురువారం

రెండు రోజులుగా షాపు తెరవలేదు. భయపడ్డాడన్నమాట. ఏ తప్పూ లేనివాడు ఎందుకు భయపడతాడు? నేను చేసింది తప్పు కాదు.

మార్చి 13, శుక్రవారం

ఆఫీసరు పిలిపించాడు. గంటన్నర బయట బల్ల మీద కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడాడు. నా కాగితం మీద ఎర్ర పెన్ను.

“‘పై ఆఫీసు ఆర్డరు ప్రకారం’ అనేది తీసెయ్యాలమ్మా. ఆర్డరు ఉన్నట్టు మా ఫైళ్ళలో ఎక్కడా లేదు. కాగితం ఉంటే పట్రా.”

“తగలబెట్టారేమో సార్.”

“అయితే లేనట్టే. ‘మన సైనికులు’... ఊఁ, సరే, పుస్తకాల్లో కూడా వచ్చేసింది కాబట్టి ఉండనిద్దాం. ఇదిగో, ‘ఊరివాడు ఒకడు చూపించగా’, ఇది బావుంది. ఇది ఊరంతటికీ తెలిసిందేగా. ఉంచు.”

నేను ఆర్డరు వదులుకున్నాను. వేలు దక్కింది. సంతకం పెట్టాడు.

ఇంటికి నడుచుకుంటూ లెక్క వేసుకున్నాను, మూడొంతులు గెలిచాను. మూడొంతులంటే తక్కువా? ముత్తాత ఉంటే భుజం తట్టేవాడు.

మార్చి 17, మంగళవారం

కోత అయిపోయింది. నీలం రేకు, తెల్ల అక్షరాలు, రాత్రి లైటు పడితే మెరిసే రకం. ఒక్క బుడగ లేకుండా అతికించాను. నా జన్మలో ఇంత శుభ్రంగా ఏ బోర్డూ చేయలేదు.

అమ్మమ్మ నాతో మాట్లాడటం లేదు. షట్టరు సంగతి ఎవరో చెప్పారట. “ఎవరు వేశారే ఆ బొమ్మ?” అని ఒక్కసారి అడిగింది. నాకేం తెలుసన్నాను. చెప్పి మరీ చేసే రకాన్ని కదా నేను.

మార్చి 19, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

మేస్త్రీకి ఒక నియమం ఉంది. బోర్డు చేసినవాళ్ళు దాన్ని సరిచూడకూడదు. చేసినవాళ్ళ కళ్ళకి తాము రాయాలనుకున్నదే కనిపిస్తుంది, రాసింది కనిపించదంటాడు. ఇంతకుముందు చూడనివాళ్ళు ఎవరైనా వచ్చి పైకి చదవాలి, అదీ చివరి మాట నుంచి మొదటి మాటకి. మొదట్నుంచి చదివితే నోరు దానంతటదే పరిగెత్తి తప్పును దాటేస్తుందట. ‘ముందు మలుపు’ బోర్డుకైనా సరే అలా చదివించకుండా గేటు దాటనివ్వడు. ఈ బోర్డుకి మాత్రం ఇంటి మనిషే చదవాలని పట్టుబట్టాడు. తనే వెళ్ళి అమ్మమ్మని పిలుచుకొచ్చాడు. నేను పిలిస్తే వచ్చేది కాదు.

శాలువా కప్పుకుని, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి నిలబడింది. బోర్డును బల్లకి ఆనించాం. చివరి నుంచి ఎలా చదవాలో మేస్త్రీ చెప్పాడు.

“శాఖ. రోడ్ల. చంపారు. కాల్చి. చోటనే. ఈ. లేకుండా. విచారణ. సైనికులు. మన.” బడిపిల్లలా ఒక్కో మాట కిందా వేలు జరుపుతోంది. “చూపించగా. ఒకడు. ఊరివాడు.”

ఆగిపోయింది.

“కానివ్వండమ్మా” అన్నాడు మేస్త్రీ.

“తప్పుంది.”

మేస్త్రీ గబగబా వంగాడు. “ఎక్కడ? దీర్ఘం పడిందా?”

“అక్షరాల్లో కాదు. ఊరివాడెవడూ చూపించలేదు. ఈ ముక్క పీకెయ్యండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. షెడ్డులో పదిమంది ఉన్నారు, లెక్కచేయలేదు. “ఇంకా ఎన్నాళ్ళు వెనకేసుకొస్తావు వాళ్ళని? నీ తండ్రిని పట్టించినవాళ్ళు! సిగ్గు లేదూ?” అని అరిచాను. మా అమ్మమ్మని. సిగ్గు లేదూ అని.

“నేను చెప్పాను” అంది.

“ఏం చెప్పావు?”

“వాళ్ళకి. సైనికులకి. నేనే చెప్పాను.”

మేస్త్రీ వెళ్ళి మిషను ఆపేశాడు.

మార్చి 20, శుక్రవారం

పనికి వెళ్ళలేదు.

మార్చి 21, శనివారం

ఇవాళ వంటింట్లో కింద కూర్చుని చెప్పింది. నేను ఏమీ అడగలేదు.

అప్పటికి ఏడేళ్ళు. సైకిల్ షాపు అరుగు మీద ఆడుకుంటోంది. బురద మనుషులు వచ్చారు. బూట్ల నుంచి కనుబొమల దాకా బురదే, కళ్ళు మాత్రం తెల్లగా. షాపాయన తొట్టిలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. బోర్డు ఎవరు తిప్పారని గద్దించారు. నాకు తెలియదన్నాడు. కొట్టారు. అయినా తెలియదన్నాడు. ఆయన కొడుకు పదేళ్ళవాడు మూల నిలబడి ఏడుస్తున్నాడు.

అప్పుడు వాళ్ళలో ఒకడు అమ్మమ్మ ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడట. “నీకు తెలుసా తల్లీ, బోర్డు ఎవరు తిప్పారో?” అన్నాడట.

“మరి నాకు తెలుసుగా!” అంది అమ్మమ్మ, ఇప్పుడు, నాతో. ఆ ‘తెలుసుగా’లో ఏడేళ్ళ గొంతు వినిపించింది నాకు. “ఆర్డరు వచ్చిన రోజు నాన్న ఇంట్లో పైకి చదివాడు. రోడ్డు పనివాళ్ళ గ్యాంగులో చదవడం వచ్చినవాడు ఆయనొక్కడే. ఎంత గర్వంగా ఉండేదో! ‘మా నాన్నే తిప్పాడు, ఎవరూ కనిపెట్టలేనంత బాగా తిప్పాడు’ అని చెప్పాను. ‘అబ్బో, అయితే మీ నాన్నని చూడాల్సిందే’ అన్నాడు. రండి అని నేనే వాడి వేలు పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. బహుమతి ఇస్తారనుకున్నానే.”

మిగతాది చెప్పలేదు.

కాసేపటికి అంది: “అందుకే ఆ షాపు ముందు నుంచి వెళ్ళను. వాళ్ళ మీద కోపంతో అనుకున్నావా?”

అలాగే అనుకున్నాను. ఆవిడ రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్ళడం చూసి చూసి నేను కోపం నేర్చుకున్నాను.

మార్చి 22, ఆదివారం

‘ఊరివాడు చూపించాడనడానికి ఏ కాగితం ఉంది సార్?’ అని ఆఫీసర్ని ఎందుకు అడగలేదు? ఆర్డరుకి కాగితం కావాలి, వేలుకి అక్కర్లేదు. ఈ మాత్రం ఎవరికైనా తడుతుంది. నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు.

ఇంకోటి కూడా రాసెయ్యాలి. షట్టరు మీద వేసింది నీళ్ళకి పోయే రంగు కాదు. రోడ్డు మీద గీతలు వేసే రంగు. లారీలు తొక్కినా పోదు. ఆ సంగతి ఇక్కడ రాసేటప్పుడే నాకు తెలుసు.

మార్చి 23, సోమవారం

షెడ్డు నుంచి వేడిగాలి మిషను, గీకుడు బద్దా తీసుకుని వెళ్ళాను. పంక్చర్ల తాత కుర్చీ రోడ్డు మీదకి లాక్కుని కూర్చున్నాడు.

“ఏ రంగమ్మా అది?”

“రోడ్డు మీద గీతలకి వేసేది.”

“గట్టిదే అయితే.”

“గట్టిదే.”

“వేసేటప్పుడు తెలుసా నీకు?”

“తెలుసు.”

“గీకు మరి.”

మూడు గంటలు గీకాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చూడనీ. రంగుతో పాటు షట్టరు పెయింటు కూడా ఊడొచ్చి, వేలు ఆకారంలో ఉత్త ఇనుము తేలింది. ఇప్పుడు ముందుకన్నా బాగా కనిపిస్తోంది. షట్టరు మొత్తం గీకి మళ్ళీ రంగు వేస్తానన్నాను.

“వెయ్యక చస్తావా?” అన్నాడు.

“మీకు మొదట్నుంచీ తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?”

“ఆ రోజే మా నాన్నతో అన్నా, ఆ పిల్లే చెప్పింది కదా నాన్నా, అందరూ మనల్ని అంటారేంటి అని. చెంప పగలగొట్టాడు. పసిపిల్ల, ఆ మాట బయటపడితే అది ఎలా బతుకుతుందిరా అన్నాడు. అప్పటికి ఆయనవి రెండు పళ్ళు ఊడి ఉన్నాయి, వాళ్ళు కొట్టిన దెబ్బలకి.”

“మీ నాన్న చాలా మంచివాడు తాతా.”

“మంచివాడే. నేను కాదు.” నవ్వలేదు. “రోజూ చెప్పెయ్యాలనిపించేది. వేలువాళ్ళ ఇంటికి పిల్లనివ్వం అని నా సంబంధం తప్పిపోయిన రోజు మీ ఇంటి గుమ్మం దాకా వచ్చా. ఇవాళ తేల్చేద్దామనే వచ్చా. మీ అమ్మమ్మ తలుపు తీసింది. మీ అమ్మని మోస్తోంది అప్పుడు, నెలలు నిండినట్టున్నాయి. నన్ను చూసి గోడకి ఆనుకుంది. మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశా.”

నన్ను క్షమించండి అన్నాను.

“కింద మూల ఇంకా ఉంది చూడు” అన్నాడు.

మార్చి 24, మంగళవారం

షట్టరుకి రంగు వేశాను. ఆకుపచ్చ. “నాకు నీలం కావాలి” అన్నాడు. రేపు నీలం వెయ్యాలి.

మార్చి 25, బుధవారం

ఆ ముక్క తీసేద్దాం అని నేను, తీసేస్తే చాలదని అమ్మమ్మ. ఇల్లు దద్దరిల్లింది.

“తీసేస్తే ఏం లాభమే? వాళ్ళ ఇంటి పేరు పోతుందా? లేనిదాన్ని ఎవరు చదువుతారు? ‘కూతురు చూపించగా’ అని రాయి.”

“నేను రాయను.”

“నువ్వు రాయకపోతే మీ మేస్త్రీ రాస్తాడు.”

“ఆ మిషను నాకు తప్ప ఎవరికీ రాదు.”

“చేత్తో రాయిస్తాను. కుంచె పెట్టి రాసేవాళ్ళు చచ్చిపోలేదు ఊళ్ళో.”

“ఊరంతా చదువుతుంది అమ్మమ్మా! నువ్వు బజారుకెలా వెళ్తావు?”

“దగ్గరి దారిన వెళ్తాను” అంది.

కనీసం ‘ఏడేళ్ళ కూతురు’ అని రాస్తానన్నాను. వద్దంది. వయసు రాస్తే జాలిపడతారట. ఆవిడకి జాలి వద్దట. వయసు లేకపోతే అది అబద్ధమే అన్నాను. నీకు అన్నీ తెలుసు అంది. కంచం తోసేసింది. నేనూ తోసేశాను. మా వంశంలో ఆడవాళ్ళకి ఇంకే ఆస్తీ లేదు, ఇదొక్కటే.

మార్చి 27, శుక్రవారం

అమ్మమ్మే ఆఫీసుకి బయల్దేరింది. బయట బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చోలేదు, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. వెనక నేను.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు, పెద్దావిడ కదా. నిలబడ్డవాడు కూర్చోవడం మర్చిపోయి మొత్తం విన్నాడు. అరుగు, నీళ్ళు, బురద, గొంతుక్కూర్చున్నవాడు, వేలు. వంటింట్లో చెప్పినట్టే, అవే మాటలు. అరవై ఐదేళ్ళుగా లోపల చెప్పుకుంటున్న మాటలు కాబోలు, ఒక్కటి అటూఇటూ కాలేదు.

“ఆర్డరు కూడా రాయించండి బాబూ” అంది చివర్లో.

“అమ్మా, దానికి కాగితం...”

“కాగితం ఆయన చొక్కా జేబులో ఉంది. చదవండి బాబూ అని చూపించాడు వాళ్ళకి. వాళ్ళు చదవలేదు. జేబుతో సహా పూడ్చారు. తవ్వించమంటారా?”

ఆఫీసరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. “‘పై ఆఫీసు’ అనొద్దు. ‘ఆర్డరు ప్రకారం’ అని మాత్రం రాసుకోండి” అన్నాడు. ‘ఊరివాడు ఒకడు’ కొట్టేసి ‘కూతురు’ అని రాసి సంతకం పెట్టాడు. అమ్మమ్మ ఆ కాగితం మడిచి నాకిచ్చింది. 

దారంతా నేను ఒక్కటే ఆలోచిస్తున్నాను. కథ మొత్తంలో ‘నేను చెప్పాను, నేను తీసుకెళ్ళాను, నేను, నేను’ అనే ఆవిడ అంటుంది. అంతమంది తుపాకులు పట్టుకున్న మగవాళ్ళు ఆ కథలో చెట్లలాగా నిలబడి ఉంటారు. ఆవిడ ఒక్కతే కదులుతుంది.

మార్చి 28, శనివారం

ఆఫీసరు సంతకం పెట్టిన మాటలు కోయలేదు. వేరేవి కోశాను. ఇలా:

‘యుద్ధకాలంలో ఆర్డరు ప్రకారం
ఇక్కడి దారి బోర్డును తిప్పిన రోడ్డు కార్మికుణ్ణి,
తిప్పిందెవరని అతని ఏడేళ్ళ కూతుర్ని అడిగి,
మన సైనికులు విచారణ లేకుండా
ఈ చోటనే కాల్చి చంపారు.’

ఐదు లైన్లు నిండిపోయాయి. ‘రోడ్ల శాఖ’ పట్టలేదు. పట్టించలేదు.

సరిచూడటానికి మేస్త్రీ ఎవరో లారీ డ్రైవర్ని పట్టుకొచ్చాడు. అతను చివర నుంచి మొదటికి చదివి, మళ్ళీ మొదటి నుంచి చివరికి ఒకసారి చదువుకుని, వెళ్ళిపోయాడు.

మేస్త్రీ ఆఫీసరు కాగితం ఒక చేత్తో పట్టుకుని బోర్డు వంక చూశాడు. “కాగితానికీ దీనికీ తేడా ఉన్నట్టుందే అగ్గిపెట్టె.”

“ఉంది.”

“శాఖ పేరేది?”

“చోటు లేదు.”

“ఉద్యోగం పోతుంది.”

“మిషను ఎవరు నడుపుతారు?”

“అదీ నిజమే” అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “నాకు దగ్గరి చూపు ఆనదు. డాక్టరు చీటీ కూడా ఉంది.”

అమ్మమ్మకి చెప్పలేదు. ఆవిడ అడిగితే ‘నువ్వు చెప్పినట్టే’ అన్నాను. ఇది ఆవిడతో ఆడిన రెండో అబద్ధం. దీనికి మాత్రం నాకు సిగ్గు లేదు.

మార్చి 31, మంగళవారం

పొద్దున పదింటికి బోర్డు నిలబెట్టారు. గొయ్యి తీసే బండి డ్రైవరు, మేస్త్రీ, నేను, అమ్మమ్మ. ఆఫీసరు కారు దిగి దూరంగా ఫోన్ మాట్లాడుతున్నాడు. రోడ్డుకి అటు పక్క పంక్చర్ల తాత నీలం షట్టరు ముందు నిలబడి చూస్తున్నాడు. ఇటు రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు, ఆ హక్కు నాకు లేదు.

సిమెంటు పోసి, స్తంభం నిటారుగా ఉందో లేదో చూసి, పైన కప్పిన గోనె తీశాం.

అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. పెదవులు కదులుతున్నాయి. మూడో లైను దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది. మళ్ళీ చదివింది.

“నేను చెప్పినట్టు లేదే ఇది.”

“లేదు.”

“‘అడిగి’ అని ఉంది.”

“అడగలేదా మరి?”

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ బోర్డు వంక చూస్తూనే ఉంది.

“అడిగాడు” అంది. “కూర్చుని మరీ అడిగాడు. నా ఎత్తుకి సరిపోయేలా కూర్చున్నాడు. తల్లీ అన్నాడు.” ఊపిరి తీసుకుంది. “షాపాయన్ని అడిగితే చెప్పలేదని నన్ను అడిగాడు. పెద్దవాళ్ళు చెప్పరని తెలిసి నన్ను అడిగాడు.”

మెడ దగ్గర ఎరుపు మొదలై మొహమంతా పాకింది. ఇరవై మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను, అమ్మమ్మ మొహంలో ఆ రంగు ఎన్నడూ చూడలేదు.

“ఏడేళ్ళ పిల్లని అడుగుతారటే ఎవరైనా?” అంది నాతో.

ఆఫీసరు ఫోన్ పెట్టేసి వచ్చి బోర్డు చూసి, “ఇదేంటి, నేను సంతకం పెట్టింది ఇది కాదే, శాఖ పేరేదీ...” అని మొదలుపెట్టాడు. అమ్మమ్మ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

“బాబూ, నువ్వు చదువుకున్నవాడివి. ఏడేళ్ళ పిల్లని అడుగుతారా? తుపాకీ పట్టుకున్నవాడు, తండ్రి ఎక్కడున్నాడని పిల్లని అడుగుతాడా?”

ఆవిడ చెయ్యి వదిలేసి మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. “నువ్వు చెప్పు. అడుగుతారా?” మేస్త్రీ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. బండి డ్రైవరు ఇంజను ఆపేశాడు. అతన్నీ అడిగింది. ఆగిన సైకిలువాణ్ణి అడిగింది. తర్వాత అటూఇటూ చూడకుండా రోడ్డు దాటింది, నేను పరిగెత్తి లారీకి చెయ్యి అడ్డం పెట్టాల్సొచ్చింది. తిన్నగా సైకిల్ షాపు ముందుకెళ్ళి నిలబడింది.

“నువ్వు అక్కడే ఉన్నావుగా” అంది గట్టిగా, అరవై ఐదేళ్ళుగా మాట్లాడని మనిషితో. “నువ్వే చెప్పు. ఎలా అడిగాడు నన్ను? అలా అడుగుతారా?”

తాత వెనక్కి తిరిగాడు. లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే అడుగుతోంది.